మంగళగిరి గుడ్డతో కుషన్ గలీబులు: ఒక్క ఉతుకుకే మెలి తిరుగుతున్నాయి, ఎందుకు?

కొత్తబాబిన్ (విజయవాడ)
కుషన్లు 16 ఇంచులవి, మొత్తం ఐదు. గుడ్డ మంగళగిరి నూలు, 44 ఇంచుల పన్నా, రెండు వైపులా నిజాం అంచు. జిప్పు లేకుండా, వెనక రెండు ముక్కలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా కుట్టినవి. ఒక్కో ముక్కకి చుట్టూ అర ఇంచు కుట్లకి వదిలి 17 ఇంచులకి కత్తిరించాను. కుట్టినప్పుడు సరిగ్గానే ఉన్నాయి. ఉతికి ఆరేశాక వచ్చిన తేడాలు ఇవీ:
పొడవులో దాదాపు ముప్పావు ఇంచు తగ్గింది. చదరం కాస్తా ఒక పక్కకి ఒరిగి గాలిపటంలా తయారైంది. నాలుగు మూలలూ పిల్లి చెవుల్లా నిక్కుతున్నాయి. కుట్టు కింది వైపు దారం ఉండలు కడుతోంది.
నల్ల మిషనే, కాలితో తొక్కేది. లోపం గుడ్డదా, మిషనుదా, కత్తెరదా?

పడుగుపేక (మంగళగిరి)
మొదటి రెండూ గుడ్డ మీద నెట్టొద్దు. కత్తిరించే ముందు నానబెట్టకపోవడం ఒక తప్పు. కొట్లో కత్తిరించి ఇచ్చిన చివరని సూటిగా ఉందనుకుని దాన్నుంచే కొలవడం రెండో తప్పు.

మగ్గం మీద పడుగు, అంటే పొడవు వెంట ఉండే పోగులు, ఎప్పుడూ బిగదీసి ఉంటుంది. దానికి గంజి కూడా పట్టించి ఉంటారు. మీ ఇంట్లో మొదటిసారి నీళ్ళలో పడ్డప్పుడు గంజి కరిగి, బిగువు సడలి, పోగులు దగ్గరికి జరుగుతాయి. అందుకే పొడవులో ఎక్కువ, పన్నాలో తక్కువ తగ్గుతుంది. కుట్టిన తర్వాత జరిగితే గలీబు బిగుతవుతుంది. కుట్టక ముందే జరిగితే మీకు పోయేదేమీ లేదు.

ఎంత తగ్గుతుందో ముందే తెలుసుకోవచ్చు. గుడ్డ పొడవు వెంట సరిగ్గా 20 ఇంచుల దూరంలో రెండు చోట్ల రంగు దారంతో ఒక్కో టాకా వేయండి. పన్నా వెంట కూడా అలాగే మరో రెండు. సుద్ద గీతలు పనికిరావు, నీళ్ళలో పోతాయి. మడతలన్నీ విప్పి బకెట్లో రాత్రంతా నానబెట్టండి, సబ్బు అక్కర్లేదు. పిండకుండా నీడలో ఆరేసి, ఇంకా కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేసి కొలవండి. 20 కాస్తా 19 అయిందంటే నూటికి 5 వంతులు తగ్గినట్టు. ఇస్త్రీ పెట్టె పొడవు వెంటే నడవాలి. మూలగా లాగితే మళ్ళీ ఒరుగుతుంది.

అంచులో జరీ ఉంటే దాని మీద పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడితో చేయండి. ఇప్పటి జరీ చాలావరకు ప్లాస్టిక్ పొర మీద మెరుపు పూత. వేడి తగిలితే ముడుచుకుపోతుంది, మళ్ళీ సాగదు.

గుంటూరు కత్తెర
గాలిపటం సంగతి. గుడ్డలో పడుగు, పేక (పన్నా వెంట అడ్డంగా వెళ్ళే పోగులు) లంబంగా ఉంటేనే ముక్క చదరంగా నిలుస్తుంది. కొట్లో కత్తెర పేక వెంట నడవదు, కొట్టువాడి చెయ్యి వెంట నడుస్తుంది. 44 ఇంచుల పన్నాలో ఒక చివరకీ ఇంకో చివరకీ ఇంచున్నర తేడా మామూలే. ఆ వంకర చివరని ఆధారం చేసుకుని టేపు పెట్టి చదరం గీస్తే, కాగితం మీద అది చదరమే, పోగుల లెక్కలో కాదు. ఉతికితే పోగులు వాటి దారికి అవి వెళ్ళిపోతాయి. ముక్క ఒరుగుతుంది.

సరిచేసే పద్ధతి: చివర నుంచి రెండు ఇంచుల లోపల, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టండి. ఒక పేక పోగుని సూది మొనతో పైకి లేపి, వేళ్ళతో పట్టి మెల్లగా లాగండి. గుడ్డ కుచ్చులు పడుతుంది, పడనివ్వండి. ఆ కుచ్చుల్ని అవతలి వైపు నెడుతూ పోతే పోగు జారిన చోట సన్నటి ఖాళీ గీత కనిపిస్తుంది. మధ్యలో పోగు తెగితే గీత ఆగిన చోటి వరకూ కత్తిరించి, అక్కడ పక్క పోగు పట్టుకోండి. 80 నంబరు నూలు సన్నం కాబట్టి తెగుతుంది, విసుక్కోవద్దు. ఆ గీత మీదే కత్తెర నడపాలి. రెండో చివర కూడా ఇంతే.

ఇలా చేశాక కూడా గుడ్డ మడిస్తే మూలలు కలవలేదా? తడి చేసి, పొట్టిగా ఉన్న ఏటవాలు మూలల్ని ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగాలి, దుప్పటి దులిపేటప్పుడు పట్టుకున్నట్టు. జానెడు జానెడుగా జరుగుతూ లాగి ఇస్త్రీ చేస్తే కుదురుతుంది.

చింపడం గురించి ఎవరైనా అడిగే ముందే చెప్తున్నా: సాదా భాగంలో చింపితే పేక వెంటే చిరుగుతుంది, కానీ అంచు దగ్గరికి వచ్చేసరికి పోగులు దట్టంగా ఉండి పీక్కుపోతుంది. అంచున్న గుడ్డని చింపొద్దు.

కొత్తబాబిన్
పోగు లాగి చూశాను. ఒక చివర ఇంచుంపావు వంకర. మరి ఐదు గలీబులకి మళ్ళీ గుడ్డ కొనాలంటే ఎంత? ముదురు మెరూన్ రంగు, నానబెట్టేటప్పుడు కల్లుప్పు వేయాలా?

గృహలక్ష్మికాదు (గుంటూరు)
వేయండి. బకెట్‌కి గుప్పెడు కల్లుప్పు. రంగు నిలుస్తుంది.

పడుగుపేక (మంగళగిరి)
నిలవదండి. ఉప్పు పని రంగు తొట్టిలో. నీళ్ళలో ఉన్న రంగుని నూలు వైపు నెట్టడానికి అద్దేటప్పుడు వేస్తారు. ఆ తర్వాత సోడా లాంటి క్షారం తగిలితేనే రంగు పోగుని పట్టుకుంటుంది. అద్దకం అయిపోయిన గుడ్డ మీద ఉప్పు వేస్తే జరిగేది పెద్దగా ఏమీ లేదు. దిగే రంగు పోగుని పట్టుకోకుండా మిగిలిపోయిన రంగు. అది పోయేదాకా ఉతకడమే మార్గం. వెనిగర్ సంగతీ అంతే, నూలుకి అది పని చేయదు.

గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు పొడి, రెండు మూడు విడతలు. ప్రతిసారీ తెల్లటి పాత బనీను ముక్కని తడి గుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీ నొక్కండి. ముక్కకి రంగు అంటకపోతే అయిపోయినట్టు. నాలుగు విడతల తర్వాత కూడా అంటుతుంటే ఆ గుడ్డని తెల్లటి పైపింగుతో (అంచు చుట్టూ తాడు పెట్టి కుట్టే పట్టీతో) కలపొద్దు, విడిగా ఉతికే వాటికే వాడుకోండి.

గృహలక్ష్మికాదు (గుంటూరు)
మా వీధిలో అందరూ వేస్తారు మరి.

గుంటూరు కత్తెర
వేసినా నష్టం లేదు లెండి, నీళ్ళు ఉప్పన అవుతాయంతే.

గుడ్డ లెక్క. 16 ఇంచుల కుషన్‌కి గలీబు 15½ ఇంచులు తేలాలి. కుషన్ నిండుగా కనిపించేది అప్పుడే. సరిగ్గా 16 తేలేలా చేస్తే నాలుగు రోజులకి దూది అణిగి వదులైపోతుంది. అర ఇంచు చొప్పున కుట్లకి కలిపితే ముందు ముక్క 16½ × 16½. మీరు 17కి కోశారు, అందుకే తగ్గాక కూడా ఎక్కిందేమో, లేకపోతే అదీ లేదు.

వెనక ముక్కలు రెండూ ఒక్కోటి 16½ × 11¾. తెరుచుకునే వైపు పావు ఇంచు, దాని మీద ఒక ఇంచు మడిచి కుడితే 10½ మిగులుతుంది. రెండూ కలిపి 21, అందులోంచి 16½ తీసేస్తే నాలుగున్నర ఇంచులు ఒకదాని మీద ఒకటి వస్తాయి. మూడు ఇంచుల కంటే తగ్గిస్తే కుషన్ ఉబ్బి వెనక నోరు తెరుస్తుంది.

ఇప్పుడు అంచుని వాడుకోండి. నిజాం అంచు వైపు ఎలాగూ పోగులు ఊడవు. ఆ అంచునే తెరుచుకునే వైపు ఉంచితే మడత అక్కర్లేదు, వెనక ముక్క 10½ చాలు. పన్నా వెంట వరస: ఎడమ అంచుతో వెనక ముక్క 10½, మధ్యలో ముందు ముక్క 16½, కుడి అంచుతో వెనక ముక్క 10½. మొత్తం 37½. తగ్గాక కూడా 41 పైన పన్నా ఉంటుంది కాబట్టి ఇమిడిపోతుంది. ఒక్కో గలీబుకి పొడవు 16½, ఐదింటికి 82½ ఇంచులు, అంటే రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. తగ్గడానికీ, వంకర చివరలు తీసేయడానికీ కలిపి రెండున్నర మీటర్లు తీసుకోండి. రెండుంపావుతో అవుతుందని కొట్లో అంటారు. వంకర ఎక్కువుంటే అవదు.

అంచు ముందు వైపే కనిపించాలంటే ఈ వరస పనికిరాదు. అప్పుడు ఒక వెనక ముక్క అంచు లేకుండా 11¾ అవుతుంది.

నల్లమిషన్ (విజయవాడ, వన్‌టౌన్)
కింద దారం ఉండలు కడుతుంటే అందరూ బాబిన్ కేసు (కింది దారం చుట్టిన బాబిన్‌ని పెట్టే డబ్బీ) స్క్రూ మీద పడతారు. తొంభై పాళ్ళు తప్పు పైదారానిది. పైన బిగువు లేకపోతే ఆ వదులు దారమంతా కిందికి దిగి ఉండ కడుతుంది. కింద కనిపించిందని బాబిన్ని తిట్టుకుంటాం.

ముందు ఇది చేయండి. ఫుట్ (గుడ్డని అదిమి పట్టే పాదం) పైకి ఎత్తి, పైదారం మొత్తం తీసేసి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి. ఫుట్ కిందికి దించి ఉంటే పైదారానికి బిగువు ఇచ్చే టెన్షన్ బిళ్ళలు రెండూ మూసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యకి వెళ్ళకుండా పైనే తేలుతుంది. ఫుట్ ఎత్తితేనే బిళ్ళలు తెరుచుకుంటాయి. ఎక్కించాక ఫుట్ దించి దారం లాగి చూడండి. బిగువుగా రావాలి. ఎత్తి లాగితే వదులుగా రావాలి. రెండింటికీ తేడా లేకపోతే బిళ్ళల మధ్య దారపు ముక్కో, దుమ్మో ఇరుక్కుని ఉంది. గట్టి గుడ్డ ముక్క మడిచి మధ్యలో అటూ ఇటూ లాగితే బయటికి వస్తుంది.

తప్పు పైదా కిందిదా తేల్చుకోవడానికి పైన ఎర్రదారం, బాబిన్‌లో ఆకుపచ్చదారం వేసి ఏదైనా పాత గుడ్డ రెండు మడతల మీద కుట్టండి. కింది వైపు ఎర్ర చుక్కలు కనిపిస్తే పైది వదులు. పైన ఆకుపచ్చ కనిపిస్తే పైది ఎక్కువ బిగువు, లేదా కిందిది వదులు. రెండు రంగులూ మడతల మధ్యలోనే ముడిపడితే అదే సరైన కుట్టు.

బాబిన్ కేసు చూడాలంటే, బాబిన్ ఉన్న కేసుని దారం చివర పట్టుకుని వేలాడదీయండి. దానంతటదే జారిపోకూడదు. చెయ్యి కొద్దిగా ఝాడిస్తే ఒకటి రెండు ఇంచులు జారి ఆగాలి. అలా ఉంటే ఇక ఆ స్క్రూ జోలికి వెళ్ళకండి. తిప్పక తప్పదంటే పావు చుట్టు కంటే తక్కువ తిప్పి చూడండి, కింద కంచం పెట్టుకుని. ఆవగింజంత స్క్రూ అది, నేల మీద పడితే దొరకదు.

సూది ఏ నంబరు పెట్టారు?

కొత్తబాబిన్
మిషనుతో వచ్చిందే. 16 అని ఉంది.

నల్లమిషన్ (విజయవాడ, వన్‌టౌన్)
80 నంబరు నూలుకి 16 లావు. రెండు మడతల్లో పెద్ద బెజ్జాలు పడి కుట్టు వెంట గుడ్డ ముడతలు పడుతుంది. 11 పెట్టండి. నాలుగు మడతలు వచ్చే చోట కూడా 14 చాలు. 16 జీన్సుకి, బొంతకి. ఇంచుకి 10 కుట్లు వచ్చేలా పెట్టుకోండి.

పాత సూది తీసే ముందు దాని చదును వైపు ఎటు ఉందో చూసి గుర్తు పెట్టుకోండి, మిషన్ని బట్టి మారుతుంది. గుర్తు లేకపోతే ఒక ఉపాయం: సూదికి ఒక వైపు పొడవాటి గాడి ఉంటుంది, చదును దానికి ఎదురు వైపు. దారం ఎప్పుడూ గాడి వైపు నుంచి బెజ్జంలోకి వెళ్ళాలి. కాబట్టి సూది దగ్గరి ఆఖరి దారపు కొక్కెం ఏ వైపు ఉందో గాడి ఆ వైపు. తిరగేస్తే కుట్లు వదిలేస్తుంది, దారం తెంపేస్తుంది.

కుట్టేటప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తే మొన మొండిబారినట్టు. నూనె సంగతి కూడా: మిషన్ నూనె తప్ప ఇంకేదీ వద్దు. కొబ్బరి నూనె వేస్తే కొన్నాళ్ళకి జిగురులా పట్టేసి చక్రం తిరగదు.

జిప్పుపార్టీ (విజయవాడ)
ఇన్ని లెక్కలెందుకు, జిప్పు పెట్టేస్తే పోలా? వెనక ఒకే ముక్క, గుడ్డ మిగులుతుంది. ముందే కత్తిరించి అమ్మే జిప్పులు కాకుండా మీటరు జిప్పు తీసుకోండి, 3 నంబరు నైలాన్‌ది, రన్నర్లు విడిగా ఇస్తారు. 5 నంబరు పరుపులకి, సోఫాలకి. 15½ గలీబుకి 14 ఇంచుల తెరుపు చాలు.

అడుగు వైపు కుట్టుని రెండు చివర్లా ముప్పావు ఇంచు మామూలు కుట్టు, మధ్యలో పొడుగు కుట్టు వేసి మూసేయండి. ఇస్త్రీతో కుట్టు రెండు వైపులా తెరవండి. జిప్పుని బోర్లా, పళ్ళు సరిగ్గా కుట్టు గీత మీద ఉండేలా పెట్టి గుండుసూదులు గుచ్చి, రెండు వైపులా కుట్టి, చివర్లు అడ్డంగా రెండుసార్లు కొట్టండి. లేకపోతే రన్నరు చేతికి వచ్చేస్తుంది. ఆ తర్వాత మధ్యలోని పొడుగు కుట్టు విప్పేయాలి. మిగతా మూడు వైపులా కుట్టే ముందు జిప్పు సగం తెరిచి పెట్టుకోండి. మరిచిపోతే తిరగేసే దారి ఉండదు.

గుంటూరు కత్తెర
జిప్పు చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఉతుకుల్లో ముందు పోయేది అదే. ఇస్త్రీ తగిలితే నైలాన్ పళ్ళు కరుగుతాయి. వారం వారం ఉతికే గలీబుకి నా ఓటు వెనక ఒకదాని మీద ఒకటి వచ్చే మడతకే.

జిప్పుపార్టీ (విజయవాడ)
మడత గలీబు మీద ఒకసారి పిల్లలు గెంతాక చూడండి.

పైపింగ్
మూలల సంగతి ఎవరూ చెప్పలేదు. చదరపు గలీబు మూలలు నిక్కడానికి కారణం: కుషన్ మూలలో దూది ఉండదు, గుడ్డ ఉంటుంది. అందుకని మూలని కొద్దిగా కోసేయాలి. మూల దగ్గర రెండు వైపుల నుంచీ అర ఇంచు లోపలికి ఒక చుక్క పెట్టండి. ప్రతి వైపూ నాలుగో వంతు దూరంలో, అంటే మూల నుంచి నాలుగు ఇంచుల దగ్గర, ముక్క అంచు మీద మరో చుక్క. ఈ రెండూ కలుపుతూ గీత గీసి ఆ మేరకి కత్తిరించండి. చూడ్డానికి మూల బాగా కుచించుకుపోయినట్టు అనిపిస్తుంది, కుషన్ ఎక్కాక చదరంగానే కనిపిస్తుంది.

మూలలో కుట్టు తిప్పేటప్పుడు సూది గుడ్డలో ఉంచి ఫుట్ ఎత్తి తిప్పాలి. సరిగ్గా మూలలో ఒక్క కుట్టు ఏటవాలుగా వేస్తే తిరగేసినప్పుడు మొన బాగా వస్తుంది. తర్వాత మూలని అడ్డంగా కత్తిరించండి, కుట్టుకి గోధుమగింజ మందం దూరంలో. మొన బయటికి తీయడానికి కత్తెర వాడొద్దు, చిల్లు పడుతుంది. మొద్దుగా ఉన్న అల్లిక సూదో, ఐస్‌క్రీం పుల్లో చాలు.

వెనక ముక్కలు పెట్టే వరస: ముందు ముక్క బొమ్మ వైపు (బయటికి కనిపించే మంచి వైపు) పైకి. బయటికి కనిపించాల్సిన వెనక ముక్కని ముందు బోర్లించాలి, లోపలికి వెళ్ళేది దాని మీద. తిరగేశాక వరస తారుమారవుతుంది. రెండు ముక్కలూ కలిసే చోట కుట్టు వెనక్కీ ముందుకీ ఒకసారి నడపండి, కుషన్ తొడిగేటప్పుడు గుంజుడంతా అక్కడే.

పైపింగు కావాలంటే అర మీటరు వేరే రంగు గుడ్డ ఐదింటికీ వస్తుంది. క్రాస్‌గా, అంటే పోగులకి ఏటవాలుగా కోసిన ఇంచున్నర వెడల్పు పట్టీలు. లోపల తాడు 4 మిల్లీమీటర్లది అయితే దాని చుట్టుకొలత అర ఇంచు, కుట్లకి రెండు అరలు, అందుకే ఇంచున్నర. ఒక్కో గలీబుకి 65 ఇంచుల పట్టీ. నిలువు పోగు వెంట కోసిన పట్టీ మూలలో తిరగదు, ముడత పడుతుంది. నూలు తాడుని కూడా మరిగే నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. అది తర్వాత తగ్గిందంటే గలీబు అంచంతా కుచ్చిళ్ళే.

కొత్తబాబిన్
పైదారం మళ్ళీ ఎక్కించాను, ఫుట్ ఎత్తి. ఉండలు పోయాయి. బిళ్ళల మధ్య పసుపు దారపు ముక్క ఒకటి దొరికింది. రెండున్నర మీటర్లు నానబెట్టాను, 20 ఇంచులకి ముప్పావు తగ్గింది.
ఇంకొక్క ప్రశ్న. పక్కల్లో పోగులు ఊడుతున్నాయి, ఓవర్‌లాక్ మిషన్ లేదు.

గుంటూరు కత్తెర
ఫ్రెంచి కుట్టు. బొమ్మ వైపులు బయటికి ఉండేలా పెట్టి ముందు పావు ఇంచు కుట్టు. పక్కలు అందులో సగానికి కత్తిరించి, తిరగేసి, మళ్ళీ పావు ఇంచు. మొత్తం అర ఇంచే పోతుంది, మీ లెక్క మారదు. అయితే మొదటి కుట్టుకి వెనక ముక్కలు పెట్టే వరస పైపింగ్ గారు చెప్పినదానికి తలకిందులు: లోపలికి వెళ్ళేది ముందు. పైపింగు పెట్టే పనైతే ఇది కుదరదు, పక్కల వెంట దగ్గర దగ్గరగా ఇంకో కుట్టు వేసి కత్తిరించుకోండి.

బొంతపని (తెనాలి రోడ్డు, గుంటూరు)
మిగిలిన నాలుగైదు ఇంచుల పట్టీలు పారేయకండి, బొంత అంచుకి పనికొస్తాయి. ఎలాగూ 16 సూది ఖాళీగా ఉంది కాబట్టి చెప్తున్నా. ఐదున్నర మీటర్ల నూలు చీరని మధ్యకి కోసి, రెండు ముక్కల్నీ పొడుగు వైపు కలిపితే డబుల్ కాట్‌కి ఒక పొర. మన ఎండలకి నాలుగు పొరలు చాలు, అంటే నాలుగు చీరలు. సింగిల్‌కి రెండు చీరలు. ఫాల్ విప్పేయాలి. కుచ్చిళ్ళ భాగాన్ని వెలుతురుకి పెట్టి చూడండి, పల్చబడి ఉంటే లోపలి పొరల్లోకి వేయండి. మధ్యలో ఒక్క పాలియెస్టర్ చీర కూడా కలపొద్దు, అది జారి మిగతా పొరల్ని లాగేస్తుంది.

బెత్తెడుకొక పిన్నీసు చొప్పున అంతా పెట్టాకే కుట్టు మొదలుపెట్టాలి. మిషన్ మీద అయితే ఇంచుకి 7 కుట్లు, ఫుట్ మీది ఒత్తిడి స్క్రూ రెండు చుట్లు వదులు. మొదటి వరస మధ్యలో, తర్వాత కుడికీ ఎడమకీ. అంచు నుంచి మొదలుపెడితే పై పొర మెల్లగా ముందుకి జరిగి అవతలి చివర జానెడు పొంగు మిగులుతుంది. చేత్తో అయితే వరసకీ వరసకీ ఇంచున్నర.

కొత్తబాబిన్
నాలుగు చీరలు ఉన్నాయి, కానీ అందులో ఒకటి నిజాం అంచు జరీది. అది పైకా లోపలికా?

బొంతపని (తెనాలి రోడ్డు, గుంటూరు)
అంచు కోసి పక్కన పెట్టండి. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, ఉతుకుల్లో చివర్లు తెగి పోగులు బయటికి వస్తాయి. మిగతా చీర లోపలికి.